చక్రాల ఇంట్లో నిప్పు

ఆర్‌వీ ఫర్నేస్ అంటే ప్రయాణపు బండిలోని గదుల్ని వెచ్చబెట్టే గ్యాసు యంత్రం. అమెరికాలో ఆర్‌వీ అన్న పేరు కింద కారుకో ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే ట్రెయిలర్లూ, తమ ఇంజనుతో తామే నడిచే మోటర్‌హోమ్‌లూ వస్తాయి. పొయ్యి, పడక, స్నానాల గది అన్నీ అందులోనే. ఫర్నేస్ మాత్రం మంచం కిందో, బట్టల అల్మారా అడుగునో దాక్కుని ఉంటుంది. బయటి గోడ మీద దాని గొట్టాల మూతులు రెండు కనిపిస్తాయి, అంతే. గడ్డకట్టే చలిలో, ఊరికి దూరంగా, అర్ధరాత్రి అది వెలగకపోవడం చలికాలంలో తిరిగే ఆర్‌వీ యజమానులకు ఏదో ఒకనాడు ఎదురయ్యే ఇబ్బంది. అయితే యంత్రం చెడి వెలగని సందర్భాల కన్నా, వెలగడం క్షేమం కాదని యంత్రమే తేల్చుకుని ఆగిపోయే సందర్భాలు ఎక్కువ. ఒక్కో భయానికి ఒక్కో అడ్డుగడియ చొప్పున, ఒక్కో కాలంలో దానికి చేరుతూ వచ్చాయి. వెలగని ఫర్నేస్‌లో లోపం వెతకడమంటే ఆ గడియల్లో ఏది పడిందో చూడడమే.

మొదటి తరం ప్రయాణపు బళ్లకు ఈ బాధ లేదు, ఎందుకంటే వేడి చేసే ఏర్పాటే లేదు. 1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్-యారో కంపెనీ టూరింగ్ లాండో అనే బండిని పెట్టింది. వెనక సీటు వాలిస్తే పడక అయ్యేది, మడత విప్పితే వాష్‌బేసిన్ వచ్చేది. ధనికుల ముచ్చట అది. సామాన్యుల ముచ్చట 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో సంఘంగా మారింది. దాని పేరు టిన్ కాన్ టూరిస్ట్స్. డబ్బాల్లో నిలవ చేసిన తిండి తింటూ, మోడల్ టీ ఫోర్డుల మీద గుడారాలూ చెక్క గదులూ కట్టుకుని తిరిగే జనం వీళ్లు. చలికి వీళ్లు కనిపెట్టిన మందు ఫ్లోరిడాయే. చలికాలం దక్షిణాదికి, వేసవిలో ఉత్తరాదికి పోయేవాళ్లకు ఫర్నేస్‌తో పనేముంది?

పని 1930లలో పడింది. డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ అనే బాక్టీరియాలజిస్టు తన కుటుంబం కోసం గట్టి గోడల ట్రెయిలరు ఒకటి చేయించుకుని, దానికి కవర్డ్ వాగన్ అని పేరు పెట్టి, 1930 ప్రాంతంలో అమ్మకానికి దిగాడు. కొద్ది ఏళ్లలోనే అది దేశంలో అన్నిటికన్నా పెద్ద ట్రెయిలరు కంపెనీ అయింది. సెలవుల కోసం తయారైన ఈ పెట్టెల్లో ఆర్థిక మాంద్యం పుణ్యమా అని జనం ఏడాది పొడుగునా కాపురాలుండడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధ కర్మాగారాల పనివాళ్లకు ఇళ్లు చాలక, ప్రభుత్వమే వేల ట్రెయిలర్లు కొని వాళ్లను అందులో దింపింది. ఫ్లోరిడాకు పారిపోవడానికి వీలులేని జనం ఇప్పుడు మిషిగన్ చలిలో, పలుచటి ప్లైవుడ్ గోడల మధ్య ఉన్నారు.

అప్పటి వేడి సాధనాలు ఇంటి పొయ్యిలకు చిన్న రూపాలు. కట్టెలో బొగ్గో వేసే ఇనప పొయ్యి, కప్పులోంచి పైకి పోయే పొగగొట్టం. తర్వాత కిరసనాయిలు, చమురు హీటర్లు. వాటికి స్విచ్ లేదు, కాబట్టి స్విచ్ వేసినా వెలగని సమస్యా లేదు. అగ్గిపుల్ల గీస్తే అంటుకునేవి. సమస్య అంతా అంటుకున్న తర్వాతే. కదిలే బండిలో పొగగొట్టం అతుకులు వదులయ్యేవి. మంట గదిలోని గాలినే పీల్చుకునేది. చలికి తలుపులు, కిటికీలు బిడాయించుకున్న చిన్న గదిలో ప్రాణవాయువు తగ్గి, మంట అరకొరగా మండి, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది. రంగు, వాసన లేని ఆ వాయువు నిద్రలోనే మనుషుల్ని తీసుకుపోతుంది. ఆర్‌వీ ఫర్నేస్‌లో ఆ తర్వాత వచ్చిన ప్రతి మార్పుకూ వెనక ఈ భయం కొంతైనా ఉంది.

నిప్పు మారడానికి ముందు ఇంధనం మారాలి. ఆ కథ 1910లో పిట్స్‌బర్గ్‌లో మొదలైంది. తాను కొన్న పెట్రోలు ఇంటికి చేరేసరికి సగం ఆవిరైపోతోందని ఒక కారు యజమాని చేసిన ఫిర్యాదు, అమెరికా గనుల శాఖలో రసాయన శాస్త్రజ్ఞుడైన వాల్టర్ స్నెల్లింగ్ దగ్గరికి వచ్చింది. ఆయన ఆ పెట్రోలును సీసాలో పట్టి తెస్తే బిరడా పదేపదే ఎగిరిపోతూ వచ్చింది. ఎగిరిపోతున్న ఆవిరిని చల్లార్చి, వేరు చేసి చూస్తే అందులో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయి. ఒత్తిడిలో ద్రవంగా, వదిలితే వాయువుగా ఉండే ఈ సరుకును ఉక్కు సీసాలో నింపి ఎక్కడికైనా మోసుకుపోవచ్చని స్నెల్లింగ్ గ్రహించాడు. 1913లో పేటెంట్ తీసుకుని, దాన్ని 50,000 డాలర్లకు ఫ్రాంక్ ఫిలిప్స్‌కు అమ్మేశాడు. ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ 1920లలో ఫిల్‌గ్యాస్ పేరుతో దాన్ని గ్యాసు గొట్టాలు పోని పల్లె ఇళ్లకు చేర్చింది. చక్రాల మీద ఉండే ఇంటికి ఏ గొట్టమూ పోదు గనుక ట్రెయిలర్లకు ఇంతకన్నా తగిన ఇంధనం లేదు.

తెలుగు వంటిళ్లలోని ఎల్పీజీ దీనికి దగ్గరి చుట్టమే, కానీ అదే సరుకు కాదు. మన సిలిండర్లో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ పాలు బాగా ఎక్కువ. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. హైదరాబాదు చలికి ఈ తేడా లెక్కలోకి రాదు. మోంటానాలో జనవరి రాత్రి మన వంటగ్యాసు సిలిండరు నిండుగా ఉన్నా పొయ్యికి చాలినంత ఆవిరి ఇవ్వలేదు. అమెరికా ఆర్‌వీలు దాదాపు శుద్ధమైన ప్రొపేన్ వాడడానికి కారణం ఇదే. అక్కడ కూడా తీవ్రమైన చలిలో సిలిండరు లోపలి ఒత్తిడి బాగా పడిపోతుంది. అడుగంటిన సిలిండరు, గడ్డకట్టే చలి రెండూ కలిస్తే పొయ్యి చిన్న మంట వెలుగుతుంది గానీ ఫర్నేస్ అందుకోదు.

రెండు దేశాల గ్యాసుకూ ఉమ్మడిగా ఉన్నది వాసన. ప్రొపేన్‌కు స్వతహాగా చెప్పుకోదగ్గ వాసన లేదు; కుళ్లిన ఉల్లిపాయల్ని గుర్తుచేసే ఆ కంపు ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక రసాయనానిది. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ బడి కింద పోగుపడిన సహజవాయువు పేలి దాదాపు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఎవరికీ వాసన రాలేదు. ఆ తర్వాతే టెక్సస్ చట్టం చేసి గ్యాసులో వాసన కలపడం తప్పనిసరి చేసింది, మిగతా చోట్లా అదే దారి పట్టారు. ప్రొపేన్ విషయంలో ఇంకో చిక్కుంది. అది గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కారితే పైకి పోకుండా నేల మీద చేరుతుంది. ఆర్‌వీలో గ్యాసు కారుడు పసిగట్టే పెట్టెను నేలకు జానెడు ఎత్తులో బిగించడం అందుకే.

1950లలో ట్రెయిలరు రెండుగా చీలింది. విస్కాన్సిన్‌లో ఎల్మర్ ఫ్రే పది అడుగుల వెడల్పు పెట్టెలు తయారుచేసి, వాటిని కాపురానికే అమ్మాడు; అవి ఒకసారి తెచ్చి దింపితే మళ్లీ కదలని మొబైల్ హోమ్‌లయ్యాయి. వాటికి పెద్ద చమురు ఫర్నేస్‌లు, కప్పు మీద పొగగొట్టాలు సరిపోయాయి. తిరుగుళ్లకు మిగిలిన ట్రెయిలరు మాత్రం చిన్నదిగా, తేలిగ్గా, కప్పు మీద పొడుచుకొచ్చేవేవీ లేకుండా ఉండాలి. ఎయిర్‌స్ట్రీమ్ అధిపతి వాలీ బయమ్ వంటివారు ఊరి కరెంటు, ఊరి నీళ్లు అక్కర్లేకుండా తన సామగ్రి తనలోనే ఉన్న ట్రెయిలరు కోసం పట్టుబట్టారు. 1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌ల తయారీ మొదలుపెట్టింది. శీతాకాలంలో మైనస్ 20 డిగ్రీలు చూసే ఊరు అది. ఆ ఊరివాళ్లు తయారుచేసే బండిలో వేడి ఏర్పాటు లేకుండా ఎలా ఉంటుంది?

ఈ గిరాకీకి తగ్గట్టుగా ఆర్‌వీలకే ప్రత్యేకమైన ఫర్నేస్ పరిశ్రమ ఏర్పడింది. అందులో రెండు పేర్లు నిలిచాయి. టెనెసీలోని డేటన్ కేంద్రంగా సబర్బన్, యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో హైడ్రో ఫ్లేమ్. హైడ్రో ఫ్లేమ్ తర్వాత ఆట్‌వుడ్ చేతికి, 2014లో ఆట్‌వుడ్‌తో పాటు డొమెటిక్ చేతికి పోయింది. అమెరికన్ ఆర్‌వీ ఏదైనా తీసుకుని మూత విప్పితే ఈ రెండు వంశాల్లో ఒకదాని యంత్రమే కనిపించే అవకాశం ఎక్కువ.

ఈ తరం ఫర్నేస్ తెచ్చిన అసలైన మార్పు, మంటను గది గాలి నుంచి పూర్తిగా వేరుచేయడం. మంట ఒక మూసిన ఉక్కు గదిలో మండుతుంది. దానికి కావలసిన గాలి బయటి గోడ మీది ఒక గొట్టం నుంచి వస్తుంది, పొగ దాని పక్కనే ఉన్న ఇంకో గొట్టం నుంచి పోతుంది. గదిలోని గాలి ఆ ఉక్కు గది వెలుపలి గోడలను తాకి వేడెక్కుతుంది తప్ప మంటను చూడదు. రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండడంలో తెలివి ఉంది: ఈదురుగాలి కొడితే రెంటి మీదా ఒకే ఒత్తిడి పడి, మంట ఎటూ తూగదు. వంటపొయ్యి మినహా ఆర్‌వీలో ఇంధనం మండించే ప్రతి పరికరమూ ఇలాగే ఉండాలని తర్వాత భద్రతా నియమాలు శాసించాయి. కానీ ఇలాంటి చిన్న మూసిన పెట్టెలోకి గాలి తనంత తాను చాలినంత రాదు. దాన్ని తోయడానికి ఫ్యాను కావాలి, ఫ్యానుకు కరెంటు కావాలి. ఒకే మోటారు ఇరుసుకు రెండు వైపులా రెండు చక్రాలు బిగించి, ఒకటి మంటకు గాలి తోసేలా, ఇంకొకటి గదిలోకి వేడి గాలి ఊదేలా అమర్చారు. నిప్పు బ్యాటరీకి లోబడింది అప్పుడే.

మూసిన పెట్టెలో మంట వెలిగించడానికి తొలి ఉపాయం పైలట్. పగలూ రాత్రీ మండే చిన్న దీపం లాంటి మంట అది; పెద్ద బర్నరుకు గ్యాసు వచ్చినప్పుడల్లా దాన్ని ముట్టిస్తుంది. పైలట్ ఆరిపోతే గ్యాసు ఊరికే కారకుండా కాపలాకు థర్మోకపుల్ పెట్టారు. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడి చేస్తే కరెంటు పుడుతుందని జర్మనీలో థామస్ సీబెక్ 1821లో గమనించిన సంగతే దీనికి ఆధారం. పైలట్ మంటలో కాగుతూ అది పుట్టించేది 30 మిల్లీవోల్టులకు మించదు, కానీ గ్యాసు వాల్వును తెరిచి పట్టుకునే చిన్న అయస్కాంతానికి అది చాలు. మంట ఆరితే అతుకు చల్లారుతుంది, కరెంటు పోతుంది, వాల్వు మూసుకుంటుంది.

1960, 70ల ఆర్‌వీల్లో ఫర్నేస్ వెలగలేదంటే నూటికి తొంభై పాళ్లు పైలట్ దగ్గరే చూసుకోవాలి. గాలికి ఆరిపోవడం, సూదిమొన అంత రంధ్రంలో మసి చేరడం, ఏళ్ల తరబడి కాగిన థర్మోకపుల్ నీరసించడం. చివరిది తెలుసుకోవడం సులువు: మీట నొక్కి పట్టినంతసేపూ పైలట్ మండుతుంది, వదలగానే ఆరిపోతుంది. మళ్లీ ముట్టించాలంటే అగ్గిపెట్టె పుచ్చుకుని చలిలో మోకాళ్ల మీద కూర్చోవలసిందే. పైగా మోటర్‌హోమ్‌లో పైలట్ మండుతుండగా పెట్రోలు బంకులోకి పోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. బంకు చేరేముందు పైలట్లన్నీ ఆర్పడం ఆనాటి డ్రైవరు పాటించవలసిన మొదటి నియమం. 1973 చమురు సంక్షోభం తర్వాత ఊరికే మండే పైలట్ల మీద ఇంకో నింద కూడా పడింది: దుబారా.

1980ల నాటికి పైలట్ స్థానంలో నిప్పురవ్వ వచ్చింది. సర్క్యూట్ బోర్డు వేల వోల్టుల రవ్వను బర్నరు దగ్గర దూకిస్తుంది. మంట అందుకున్నదీ లేనిదీ కూడా అదే చూసుకుంటుంది. ఈ చూసుకునే పద్ధతి మొత్తం యంత్రంలోనూ చక్కని పని. మంటలో విద్యుదావేశం గల అణువులుంటాయి కాబట్టి అది కరెంటును కొద్దిగా పోనిస్తుంది, అది కూడా ఎక్కువగా ఒక దిశలోనే. మంటలో ముంచిన లోహపు కడ్డీ గుండా మైక్రోఆంపియర్లలో ఉండే ఆ ఒకదిశ కరెంటు కనిపిస్తే మంట ఉన్నట్టు. తీగ తెగి లోహానికి తగిలితే వచ్చే కరెంటు రెండు దిశల్లోనూ ఉంటుంది గనుక బోర్డు మోసపోదు. కడ్డీకి మసి పట్టినా, పక్కకు ఒరిగినా, బర్నరుకూ దానికీ ఉండవలసిన ఎడం మారినా, మంట నిక్షేపంగా అంటుకుని కొద్ది సెకన్లకే ఆరిపోతుంది. అంటుకుని ఆరిపోవడం, అసలు అంటుకోకపోవడం రెండు వేర్వేరు జబ్బులని మెకానిక్కులు మొదట నేర్చుకునేది ఇందుకే.

ఈ కాలం నుంచి ఫర్నేస్ వెలగడం ఒక క్రమంగా మారింది. థర్మోస్టాట్ వేడి కావాలంటుంది. ఫ్యాను తిరుగుతుంది. పదిహేను సెకన్ల పాటు నిప్పు లేకుండా గాలి మాత్రమే ఊది, లోపల నిలిచిన గ్యాసు ఏదైనా ఉంటే బయటికి తోసేస్తుంది. గాలిలో ప్రొపేన్ రెండు నుంచి తొమ్మిదిన్నర శాతం మధ్య ఉంటే పేలే గుణం ఉంది, దాన్ని చెదరగొట్టడమే దీని ఉద్దేశం. అప్పుడు వాల్వు టక్కుమని తెరుచుకుంటుంది, రవ్వ టికటికమంటుంది. ఏడు సెకన్లలో మంట కనిపించకపోతే వాల్వు మూసుకుంటుంది. పాత బోర్డులు ఒక్క ప్రయత్నంతో సరిపెట్టేవి. తర్వాతివి మూడుసార్లు ప్రయత్నించి, కాకపోతే తాళం వేసుకుంటాయి. థర్మోస్టాట్ ఆపి మళ్లీ వేస్తే గానీ కదలవు. శబ్దాల వరుస తెలిసినవాడు కళ్లు మూసుకుని విన్నా ఎక్కడ ఆగిందో చెప్పగలడు.

గోడ మీది థర్మోస్టాట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1883లో విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ గది థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్న నాటి నుంచి దాని పని ఒకటే: చలి అనిపిస్తే తీగ కలపడం. అది చెడిందో లేదో తేల్చడానికి దాని రెండు తీగలు విప్పి ఒకదానికొకటి తాకిస్తే చాలు. ఫ్యాను తిరిగితే తప్పు థర్మోస్టాట్‌ది.

అన్ని గడియల్లోకీ ఎక్కువ తిట్లు తిన్నది సెయిల్ స్విచ్. ఫ్యాను గాలి దారిలో వేలాడే పలుచటి రేకు అది. గాలి తగినంత వేగంగా వీస్తే రేకు వాలి స్విచ్ కలుపుతుంది. ఫ్యాను తన పూర్తి వేగంలో ముప్పాతికకు చేరితే గానీ అది వాలదు. మంటకు గాలి చాలకుండా, పొగ బయటికి పోకుండా నిప్పు పుట్టకూడదన్నది దీని ఉద్దేశం. ఫ్యాను తిరుగుతోంది, మంట రావడం లేదు అన్న ఫిర్యాదులో మొదట అనుమానించవలసింది దీన్నే. రేకు మీద కుక్క వెంట్రుకలు, దుప్పటి నూగు, దుమ్ము చేరి అది బిగుసుకుపోవచ్చు. ఇంకా మామూలు కారణం బ్యాటరీ. వోల్టేజి పదిన్నర దాకా పడిపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, చెవికి తేడా కూడా తెలియదు, కానీ రేకు వాలదు. స్విచ్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. గంటకు 30,000 బీటీయూల వేడి పుట్టించే ఫర్నేస్ ఆగకుండా మండితే తొమ్మిది కిలోల ప్రొపేన్ సిలిండరు పద్నాలుగు గంటలు వస్తుంది. దాని ఫ్యాను ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. వంద ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీలో క్షేమంగా వాడుకోదగ్గది సగమే, అంటే ఆగకుండా తిరిగితే ఏడు గంటలైనా రాదు. చలి బ్యాటరీ శక్తిని ఇంకా తగ్గిస్తుంది. సాయంత్రం బాగా నడిచిన ఫర్నేస్ తెల్లవారుజామున మూడింటికి ఆగిపోవడంలో మాయ ఏమీ లేదు. గ్యాసు మిగిలే ఉంటుంది, ముందు అయిపోయింది కరెంటు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ చూడడానికి మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునే ప్రవాస తెలుగు కుటుంబాలకూ ఇది తెలియవలసిన సంగతి. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రాంతాల్లో వేసవి చివరి రాత్రుళ్లు కూడా ఒక్కోసారి గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి, కరెంటు ప్లగ్గు లేని విడిది స్థలాలే అక్కడ ఎక్కువ.

సెయిల్ స్విచ్‌కు తోడు లిమిట్ స్విచ్. ఉక్కు గది పరిసరాలు ఎనభై డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే ఇది తెగి, గ్యాసు ఆపుతుంది. చల్లారాక మళ్లీ కలుస్తుంది. వెలిగి, కాసేపటికి ఆరి, మళ్లీ వెలిగే ఫర్నేస్‌లో తప్పు తరచుగా యంత్రానిది కాదు, యజమానిది. వాడని గదిలోకి వేడి ఎందుకని గాలి మూతులు మూసేయడం, మంచం కింద పెట్టెలు కుక్కి వేడిగాలి గొట్టాన్ని నలిపేయడం. వేడి బయటికి పోయే దారి లేకపోతే అది యంత్రంలోనే పోగుపడుతుంది. ఈ రెండు స్విచ్‌లనూ వైరు ముక్కతో కలిపి దాటించడం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. మెకానిక్ ఒక నిమిషం పరీక్షకు అలా చేస్తాడు. రాత్రంతా అలా వదిలేయడం అంటే, బొగ్గు పొయ్యి నాటి మరణాలను మళ్లీ గదిలోకి పిలుచుకోవడమే.

గ్యాసు వైపు గడియలు ఆలస్యంగా వచ్చాయి. సిలిండరు లోపలి పెద్ద ఒత్తిడిని రెగ్యులేటరు పదకొండు అంగుళాల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడికి తగ్గిస్తుంది. మన వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడీ ఇంచుమించు ఇంతే. ఫర్నేస్ ఈ ఒత్తిడిని మిగతా పరికరాల కన్నా పట్టింపుగా కోరుతుంది కాబట్టి, రెగ్యులేటరు నీరసిస్తే ముందు అలిగేది ఇదే. చిన్న సిలిండర్లలో పరిమితికి మించి నింపకుండా ఆపే తేలుడు వాల్వును 1998లో తప్పనిసరి చేశారు. 2002 నుంచి అది లేని సిలిండర్లను నింపడమే మానేశారు. ఇదే కాలంలో వచ్చిన చేతితో బిగించే కనెక్షన్‌లో, గొట్టం తెగితే గ్యాసును దాదాపుగా నిలిపేసే ఏర్పాటు ఉంది. వాల్వును ఒక్కసారిగా గిర్రున తిప్పితే, గొట్టం తెగిందనుకుని అది గ్యాసును బిగబట్టేస్తుంది. పొయ్యి మీద కాఫీ కాగుతుంది, ఫర్నేస్‌కు మాత్రం చాలదు. మూసి, ఒక నిమిషం ఆగి, మెల్లగా తెరిస్తే సరి. సిలిండరు మార్చిన వెంటనే గొట్టంలో గాలి ఉంటుంది గనుక ముందు వంటపొయ్యి వెలిగించి, మంట నిలకడ అయ్యాక ఫర్నేస్ వేయడం పాత అలవాటు. అది ఇప్పటికీ మంచి అలవాటే.

మనుషులు పెట్టిన గడియలు కాక, కందిరీగలు పెట్టేవి కూడా ఉన్నాయి. మట్టిగూళ్లు కట్టే కందిరీగకు బయటి గోడ మీది గొట్టం మూతి కట్టి ఇచ్చిన ఇల్లే. పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టే ఈ జాతి అలవాటు నుంచే మన వేదాంతులు భ్రమరకీటక న్యాయం అల్లుకున్నారు. ఉత్తర అమెరికా కందిరీగ సాలీళ్లను తెచ్చి పెడుతుంది, తేడా అంతే. వేసవిలో వాడని ఫర్నేస్‌లో గూడు పూర్తవుతుంది, శరదృతువులో మొదటి చలి రాత్రి సంగతి బయటపడుతుంది. గొట్టం కొంత మూసుకుంటే గాలి చాలక మంట పసుపు రంగుకు తిరిగి మసి కక్కుతుంది. పూర్తిగా మూసుకుంటే అసలు అంటుకోదు. ఈ పురుగుల శక్తిని తక్కువగా చూడకూడదు. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర 189 మందితో సముద్రంలో కూలిన బిర్గెనెయిర్ విమానంలో, వేగం కొలిచే గొట్టాన్ని మూసింది మట్టిగూడు కందిరీగేనని దర్యాప్తు అనుమానించింది. 2011లో గొట్టాల్లో సాలెగూళ్ల కారణంగా మజ్దా కంపెనీ వేల కార్లను వెనక్కి పిలిచింది. ఆర్‌వీ సామాన్ల దుకాణాల్లో గొట్టం మూతికి తగిలించే జాలీలు అమ్ముతారు. ఫర్నేస్ తయారీదారులు వాటిని ఒప్పుకోరు, ఎందుకంటే జాలీ కూడా గాలిని అడ్డుకునేదే. ఇద్దరి వాదనలోనూ నిజముంది. చలికాలం ముందు మూత విప్పి లైటు వేసి చూసుకోవడం ఇద్దరికీ అభ్యంతరం లేని దారి.

యూరప్ వేరే దారిన పోయింది. జర్మనీలో ఫిలిప్ క్రైస్ స్థాపించిన ట్రూమా కంపెనీ 1961లో కారవాన్‌లకు ప్రత్యేకమైన గ్యాసు హీటరు తెచ్చింది. దానికీ మంట మూసిన పెట్టెలోనే, కానీ వేడి గాలి తనంత తాను పైకి లేచే గుణం మీదే అది ఆధారపడింది. ఫ్యాను ఉంటే మేలు, లేకపోయినా వెలుగుతుంది. బ్యాటరీ చచ్చిన రాత్రి కూడా గది వెచ్చగా ఉంటుంది. బదులుగా అది గదిలో చోటు తినేస్తుంది, వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. చిన్న కారవాన్‌లు లాగే యూరప్‌కు ఆ బేరం గిట్టింది; ముప్పై అడుగుల పొడుగు బండి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పది నిమిషాల్లో వెచ్చబడాలనే అమెరికాకు గిట్టలేదు.

ఈ వరస అంతా తెలిసిన మెకానిక్ చరిత్రను తలకిందులుగా చదువుతాడు. మొదట కొలిచేది బ్యాటరీ వోల్టేజి, తర్వాత పొయ్యి వెలిగించి గ్యాసు చూడడం. ఈ రెండింటికీ పనిముట్లు దాదాపు అక్కర్లేదు, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఫ్యానే తిరగకపోతే థర్మోస్టాట్, ఫ్యూజు, రిలే, మోటారు. ఫ్యాను తిరిగి రవ్వ రాకపోతే సెయిల్ స్విచ్, లిమిట్ స్విచ్, ఆ తర్వాతే బోర్డు. రవ్వ వచ్చి మంట రాకపోతే వాల్వు, గ్యాసు ఒత్తిడి, కందిరీగలు. మంట వచ్చి నిలవకపోతే కడ్డీ, ఎర్త్ తీగ. బోర్డు ఖరీదైనదే అయినా మార్చడం సులువు కాబట్టి తొందరపడి దాన్నే ముందు మార్చేవాళ్లు ఎక్కువ. తీరా అసలు దోషం తుప్పు పట్టిన ఎర్త్ అతుకులో ఉంటుంది. ఉక్కు గదికే పగులు వస్తే మాత్రం వెతుకులాట అక్కడితో ఆపి యంత్రాన్ని పక్కన పెట్టాలి, దానికి అతుకు వేయరు.

ఇటీవల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చాక పాత ఫిర్యాదు ఒకటి పల్చబడింది. ఇవి దాదాపు ఖాళీ అయ్యేదాకా వోల్టేజి పడనివ్వవు కాబట్టి సెయిల్ స్విచ్ తెల్లవారుజామున మొండికేయడం తగ్గింది. అయితే ఈ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే పాడవుతుంది. దాని లోపలి కాపలా బోర్డు అలాంటి చలిలో చార్జిని రానివ్వదు. అందుకని చలి ప్రాంతాల బళ్లలో బ్యాటరీని ఫర్నేస్ గాలి తగిలే చోటికి, గది లోపలికి మార్చుతున్నారు, లేదా దానికే వేడి పట్టీలు చుట్టి అమ్ముతున్నారు.